చూసినవాడి సంతకం

ఎర్రబోరు,
ఫిబ్రవరి, సంత మర్నాడు.

అత్తమ్మకు,

నీ మేనల్లుడు ఉపేంద్ర రాస్తున్నాడు. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నీకు అనుమానం వస్తుంది. ఇక్కడ సిగ్నల్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఉన్నప్పుడు కూడా అన్నీ ఫోన్లో మాట్లాడే రోజులు కావు. అందుకే ఇది వెంకమ్మ చేతికిస్తున్నాను. ఎండుచేపలు అమ్మే మన వెంకమ్మే. సరుకు తేవడానికి ఎలాగూ భద్రాచలం వస్తుంది, నీ ఇల్లు తనకు తెలుసు.

నా దుకాణం సంగతి నీకు తెలిసిందే. జిరాక్స్, ఫోటోలు, దరఖాస్తులు. రేషన్ కార్డుకి, పట్టాకి ఇక్కడి ఆఫీసుల హిందీలో కళ్ళు మూసుకుని రాస్తాను. ఇంగ్లీషు కాగితం కావాలంటే పాతదాన్ని ముందు పెట్టుకుని పేర్లు మార్చి దింపేస్తాను. ఇన్నాళ్ళూ అలాగే గడిచింది. ఇప్పుడొక కాగితం వచ్చింది, దానికి పాతది ఎక్కడా లేదు.

ఒకాయన ఒక సంగతి కళ్ళారా చూశాడు. చూశానని ఇంగ్లీషులో రాసి సుక్మా జిల్లా ఆఫీసులో ఇవ్వాలి. "ఐ సా" అని రాసి, పేరు దగ్గర ఖాళీ వదిలి తీసుకెళ్తే అక్కడి గుమాస్తా బాబు విసిరేశాడు. "ఏంది ఇది, ఇస్కూలు కాపీయా? పైకి పోయే కాగితం ఇట్ల రాస్తరా? ఢంగుగ రాసుకొని రా" అన్నాడు. పెద్ద ఆఫీసులకు రాసేటప్పుడు చూశాను అనడానికి ఏ మాట వాడతారో, ఎలా వాడాలో రాసి పంపు.

ఇంకో చిన్న సందేహం. "సరెండర్డ్" అని ఎవరి గురించైనా ఎప్పుడు రాయొచ్చు? ఊరికే అడుగుతున్నాను.

వెంకమ్మ తిరిగి వచ్చేటప్పుడే జవాబు పంపు. నాన్నకు చెప్పకు.

ఉపేంద్ర

* * *

భద్రాచలం,
ఫిబ్రవరి చివర.

ఒరే ఉపేంద్రా,

నీ ఉత్తరం నాకంటే ముందు మా పిల్లి చదివింది. కవరు ఒక మూల కొరికేసింది కూడా. ఇంకోసారి పంపేటప్పుడు ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇవ్వు. ఆ వాసనకి కళ్ళు నీళ్ళు కారి, కళ్ళజోడు తుడుచుకుని చదవాల్సి వచ్చింది.

ఇంటర్లో నా దగ్గర ఉండి చదువుకోరా అంటే క్రికెట్టు ఉందని పారిపోయావు. ఇప్పుడు చేపల బుట్టలో పాఠం చెప్పించుకుంటున్నావు. కానీయ్.

నీకు కావలసిన మాట "విట్నెస్డ్". బస్సు చూశావు, సినిమా చూశావు, దానికి "సా" చాలు. ఏదైనా నీ ఎదురుగా జరిగి, రేపు ఎవరు నిలబెట్టి అడిగినా అవును, నా ముందే జరిగిందని చెప్పాల్సి వస్తే, అక్కడ ఈ మాట వాడాలి. నా పేరు ఫలానా, ఫలానా ఊరివాణ్ణి, ఫలానా రోజున ఫలానా చోట ఉండి ఇది విట్నెస్డ్ అని రాసి, కింద ఏం జరిగిందో వరసగా రాయాలి. అలంకారాలు వద్దు. "చాలా", "ఎంతో", "పాపం" లాంటివి ఒక్కటి కూడా రానీయకు.

ఒక్క నియమం గుర్తుంచుకో. చూసినవాడే రాయాలి. విన్నవాడు రాయకూడదు, అలా జరిగి ఉంటుందని అనుకున్నవాడు రాయకూడదు. మా పదో తరగతి పిల్లలు పేపర్లో ప్రమాదం వార్త చదివి "ఐ విట్నెస్డ్" అని వ్యాసం మొదలుపెట్టేవాళ్ళు. ఇంగ్లీషు తప్పు లేకపోయినా నేను సున్నా వేసేదాన్ని. తల్లిదండ్రులు వచ్చి గొడవ పెట్టుకున్నా మార్చలేదు.

ఇక ఊరికే అడిగినది. సరెండర్డ్ అంటే పోరాడుతున్నవాడు ఇక పోరాడనని తన ఆయుధం ఎదుటివాడికి అప్పగించాడని. పోరాటమే లేనివాడి గురించి ఆ మాట రాయకూడదు.

నేను ముప్పై ఏళ్ళు చేతిరాతలు దిద్దినదాన్ని. నీ ఉత్తరంలో మొదటి పేజీ రాత ఒకలా ఉంది, "ఒకాయన" దగ్గర నుంచి ఇంకోలా ఉంది. ఎవరా ఒకాయన?

కృష్ణకుమారి అత్త

* * *

ఎర్రబోరు,
మార్చి.

అత్తమ్మా,

చూసినవాణ్ణి నేనే.

నీ దగ్గర దాచడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. నువ్వు ఇది చదివాక పొయ్యిలో వెయ్యి. నిజంగానే వెయ్యి, దాచుకోకు.

మాకు కొంచెం లోపలగా తాడిగుంపు అని ఊరుంది. అక్కడ మాసా అనే దోర్ల తెగ రైతు ఉన్నాడు. వాళ్ళ ఊరి కాగితాలన్నీ నా దగ్గరే రాయిస్తారు కాబట్టి పరిచయం. ఆయన ఎద్దు తప్పిపోయింది. కొత్తగా వేసిన రోడ్డు పక్కన పోలీసు బలగాల క్యాంపు ఉంది కదా, దాని కంచె దగ్గర ఎర్ర ఎద్దు మేస్తుంటే ఎవరో చూశారట. అక్కడి సాబ్‌లకు మాసా భాష రాదు, మాసాకి వాళ్ళ భాష రాదు. "నువ్వొక్కడివి రా అన్నా, ఎద్దు నాదని రెండు ముక్కలు చెప్పు, సాలు" అన్నాడు. వెళ్ళాను.

వాళ్ళ ఊళ్ళో మగవాడు భుజాన గొడ్డలి లేకుండా బయటికి రాడు. కానీ ఎవరి లోగిలికి వెళ్ళినా గొడ్డలీ, విల్లూ ఉంటే విల్లూ దించి, బయట నేల మీద పెట్టి, చేతులు రెండూ చూపించి, పిలిచేదాకా గొంతుకూర్చుంటాడు. గొడ్డలితో లోపలికి అడుగు పెడితే తగువుకు వచ్చినట్టు. పెళ్ళి మాటలకు వెళ్ళినా అంతే, వియ్యంకుడి ఇంటికి వెళ్ళినా అంతే. క్యాంపు గేటు దగ్గర కూడా మాసా అదే చేశాడు. గొడ్డలి దించాడు, విల్లు దించాడు, అరచేతులు చూపించాడు, కూర్చున్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

మా కర్మకి ఆ రోజే అక్కడ పెద్ద కార్యక్రమం. అడవిలోంచి వచ్చి ఆయుధాలు అప్పగించేవాళ్ళ కోసం షామియానా వేశారు, పట్నం నుంచి ఫోటోలవాళ్ళు వచ్చారు. ఒకడు మాసాని చూసి పరుగున వచ్చి ఫోటో తీశాడు. వెనకే ఇంకా ఇద్దరు వచ్చారు. ఎవరో చేయి పట్టుకుని లేపి, లోపలికి తీసుకెళ్ళి వరసలో నిలబెట్టారు. శాలువా కప్పారు, బంతిపూల దండ వేశారు. మాసా నా వైపు తిరిగి, "ఏందన్నా, ఎద్దు అడగొస్తే పెండ్లికొడుకును జేసిండ్రు" అని నవ్వాడు. వచ్చినవాళ్ళకు ఇక్కడ మర్యాద ఇలా చేస్తారు కాబోలని అనుకున్నాడు. నేను ఒక సాబ్ దగ్గరికి వెళ్ళి చెప్పబోయాను. "బాద్ మే, బాద్ మే" అన్నాడు. అంటే తర్వాత రమ్మని; ఆయన చాలా పనిలో ఉన్నాడు. నాకూ గట్టిగా చెప్పే ధైర్యం లేదు.

భోజనం పెట్టి పంపారు. సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ఎద్దు దానంతట అదే వచ్చి దొడ్లో ఉందట.

మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. నేల మీద గొడ్డలి, విల్లు, వాటి ముందు మాసా. క్యాంపువాళ్ళు పైకి పంపిన ఇంగ్లీషు జాబితాలో పేరు పక్కన సరెండర్డ్ అని ఉంది. అత్తమ్మా, ఈ మాట ఇక్కడ ఒకసారి పేరుకి అంటుకుంటే ఏమవుతుందో నీకు దూరాన ఉండి తెలియదు. వాళ్ళ ఊరి పొలిమేరకు అడవిలోంచి ఎవరో వచ్చి మాసా భార్య భీమేను అడిగారు. "మీ ఆయన మాతోని ఎప్పుడున్నడు, ఇప్పుడు మమ్ముల ఇడిసి పోతందుకు? ఆడ ఎవరి పేర్లు చెప్పి శాలువా కప్పించుకున్నడు?" అని. ఆమె ఏం చెప్తుంది? ఎద్దు కోసం వెళ్ళాడని చెప్పింది. వాళ్ళు నమ్మలేదట. ఇంకోసారి వస్తామన్నారట.

జాబితాలోంచి పేరు తీయాలంటే అక్కడ ఉండి చూసినవాడి బయాన్, అంటే రాసిచ్చిన సాక్ష్యం, కావాలని సుక్మా బాబు అన్నాడు. చూసినవాళ్ళలో రాయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. సంతకం పెడితే క్యాంపువాళ్ళ లెక్క తప్పని నేను రాసిచ్చినట్టు. పెట్టకపోతే మాసా ఇక తన ఇంటికి పోలేడు. పోతే బతకనిస్తారన్న నమ్మకం లేదు.

నాకు భయంగా ఉంది. దుకాణం షట్టరు సగమే ఎత్తుతున్నాను.

ఉపేంద్ర

* * *

భద్రాచలం,
మార్చి.

నాయనా,

నీ ఉత్తరం పొయ్యిలో వేశాను. వేశాక ప్రతి ముక్కా గుర్తుంది, ఏం లాభం.

నువ్వు ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఇది నీ అత్త మాట, టీచర్ మాట కాదు. నువ్వు పుట్టినప్పుడు నిన్ను మీ అమ్మకంటే ముందు ఎత్తుకున్నది నేను. ఆ విట్నెస్డ్ గురించి అంత గొప్పగా పాఠం చెప్పినందుకు నన్ను నేనే తిట్టుకుంటున్నాను. ఎవడో కస్టమర్ అనుకుని చెప్పాను కానీ నువ్వని తెలిస్తే ఆ మాటే నాకు రాదని చెప్పేదాన్ని.

దుకాణానికి తాళం వేసి బస్సెక్కు. ఇక్కడ రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. మిషన్లు పోతే పోనీ. మీ నాన్న రామనర్సయ్యకు ఇంకా చెప్పలేదు. చెప్తే మిరప తోట వదిలేసి నీ దగ్గరికి పరిగెత్తుతాడు, అప్పుడు ఇద్దరి కోసం భయపడాలి.

ఆ కాగితం నేను రాస్తాను. నా పేరుతో, నా అడ్రసుతో, నా సంతకంతో. రిటైరైన పంతులమ్మని, షుగరు ఉన్నదాన్ని, నన్నెవరు ఏం చేస్తారు? పోస్టులో నేరుగా పై ఆఫీసుకే పంపిస్తాను. నువ్వు మధ్యలోంచి తప్పుకో. మాసాకి జరగాల్సిన మేలు జరుగుతుంది, నువ్వూ క్షేమంగా ఉంటావు.

వెంకమ్మ ఆదివారం తిరిగి వెళ్తోంది. ఆ తర్వాతి బస్సులో నువ్వు దిగాలి.

అత్త

* * *

ఎర్రబోరు,
ఏప్రిల్.

అత్తమ్మా,

నేను రాలేను. ఎందుకో ముందు ఉత్తరంలోనే చెప్పాల్సింది, ధైర్యం చాలలేదు. మాసా నా దగ్గరే ఉన్నాడు. దుకాణం వెనక కాగితాల బండిళ్ళు పెట్టే గది ఉంది కదా, అందులో. నేను తాళం వేసి వచ్చేస్తే ఆయన లోపల ఉండిపోతాడు.

క్యాంపువాళ్ళు చెడ్డగా ఏమీ అనలేదు. జిరాక్స్ కోసం వచ్చిన జవాను ఒకడు, "నీ దోస్త్ ఎక్కడున్నడు? ఉండనీకి క్వార్టరు ఇస్తరు, నౌకరీ ఇస్తరు, రమ్మని చెప్పు" అన్నాడు. మంచిగానే అన్నాడు. కానీ మాసా ఆ క్వార్టర్లో ఒక్క రోజున్నా తాడిగుంపు వాళ్ళకు ఇక అనుమానమే మిగలదు. ఆయనకది బాగా తెలుసు. "ఆడికి పోతే నేను నిజంగనే లొంగినోడినైత. నేను దేనికి లొంగాలె? నాకు వాళ్ళతోని ఏం కొట్లాట ఉండె?" అంటాడు. మోటార్ సైకిల్ చప్పుడు వినిపిస్తే కాగితాల బండిళ్ళ వెనక్కి వెళ్తాడు. విరిగిన నా కుర్చీ బాగుచేశాడు, గొడుగు బాగుచేశాడు, ఇప్పుడు బాగుచేయడానికి ఏమీ లేదు.

భీమే సంతకు వచ్చినప్పుడల్లా దుకాణానికి వస్తుంది. చేతిలో కాగితం లేకుండా వస్తే చూసేవాళ్ళకు అనుమానమని ప్రతిసారీ రేషన్ కార్డు తెచ్చి జిరాక్స్ తీయమంటుంది. ఆ ఇంట్లో ఇప్పుడు దేశంలో ఎవరికీ లేనన్ని రేషన్ కార్డు కాపీలు ఉన్నాయి. మిషన్ తిరుగుతున్నంతసేపూ గది వైపు చూస్తూ నిలబడుతుంది. లోపలికి వెళ్ళదు. మొన్న వెళ్ళేముందు గోడ వైపు తిరిగి, లోపలికి వినపడేలా, "ఇప్పపూలు రాలుతున్నయ్. నేనొక్కదాన్నే ఏరుతున్న. సగం పందులే తింటున్నయ్" అంది. ఆమె వెళ్ళాక మాసా చాలాసేపు ఏడ్చాడు.

పోయిన వారం తెలియని మనిషి ఒకడు వచ్చి పెన్ను అడిగాడు. కొనేముందు అందరూ రాసి చూస్తారు కదా, అట్ట మీద గీత గీస్తారు, సున్నాలు చుడతారు. ఇతను హిందీలో "మాసా" అని రాశాడు. నా వైపు చూశాడు. పెన్ను అక్కడే పెట్టి, "ఇది సరిగ రాస్తలేదు" అని వెళ్ళిపోయాడు. ఆ పెన్ను బాగానే రాస్తుంది. ఆ అట్ట చించి మింగేద్దామా అనిపించింది. నవ్వకు, నిజంగా అనిపించింది.

నువ్వు పంపుతానన్న కాగితం పంపేశావా? నా వల్ల కాక నేను ఒక తెలివి చేశాను. నా పేరు లేకుండా, అలా జరిగినట్టు తెలిసిందని రాసి సుక్మా తీసుకెళ్ళాను. బాబు చదివి, "తెలిసింది సరే, ఎవడికి తెలిసింది? చూసినోడు ఏడి?" అని తిప్పి ఇచ్చాడు. నేను ఆయన ఎదురుగానే నిలబడి ఉన్నాను అత్తమ్మా. చూసినవాణ్ణి నేనే అని నోటిదాకా వచ్చింది. మంచినీళ్ళు తాగి వచ్చేశాను.

ఉపేంద్ర

* * *

భద్రాచలం,
ఏప్రిల్ చివర.

ఉపేంద్రా,

కాగితం పంపలేదు. పంపలేకపోయాను.

తెల్ల కాగితం తీసుకుని కూర్చున్నాను. కృష్ణకుమారి అనే నేను, భద్రాచలం నివాసిని, అని రాశాను. తారీకు వేశాను. క్యాంపు గేటు దగ్గర అని రాశాను. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగిపోయింది. కళ్ళు మూసుకుని ఆ గేటు చూడబోయాను. గేటు ఇనుపదో వెదురుదో తెలియదు. మాసా పొడుగో పొట్టో తెలియదు. గొడ్డలి ముందు దించాడా, విల్లు ముందు దించాడా అంటే నువ్వు రాసిన వరసే నాకు తెలిసింది. నేను చూసినది నీ ఉత్తరాన్ని. మాసాని కాదు.

మనస్సాక్షి గురించి ఉపన్యాసం ఇవ్వడం లేదురా. నీ కోసం అబద్ధమాడమంటే నూరు ఆడతాను, దేవుడి ముందే ఆడతాను. కానీ ఈ అబద్ధం నిలబడదు. ఎవరో ఒక అధికారి నన్ను పిలిచి, అమ్మా, ఆ రోజు మీరు అక్కడికి ఏ పని మీద వెళ్ళారని ఒక్క ప్రశ్న వేస్తే అయిపోయింది. ఆపైన మాసా గురించి ఎవరు నిజం రాసినా, అదిగో భద్రాచలం ముసలమ్మ రాసినలాంటిదే అంటారు. నువ్వు రాసినా నమ్మరు. ఆ మనిషికున్న ఒక్క దారీ నేను మూసేసినట్టవుతుంది. అది తెలిసి కూడా మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ అక్కడే ఆగాను.

ఆ మాట రాయగలిగినవాడివి నువ్వొక్కడివే అయినందుకు నాకు ఎంత కోపంగా ఉందో చెప్పలేను. నీ మీద కాదు. ఎవరి మీదో తెలియదు. ఆ గేటు దగ్గర ఇంకెవరైనా ఉండకూడదా? నీకు ఆ రోజు జ్వరం రాకూడదా?

రాయమని నేను చెప్పను. నా నోటితో ఆ మాట చెప్పలేను. ఇక్కడికి రమ్మని కూడా ఇక చెప్పను, ఎందుకంటే ఆ గదిలో మనిషిని వదిలేసి వస్తే నువ్వు నా ఇంట్లో అన్నం తినలేవు. ఇందులో ఇంగ్లీషు కాగితం మొత్తం రాసి పెడుతున్నాను. నువ్వు చెప్పిన వరసే. పేరు దగ్గర, సంతకం దగ్గర ఖాళీ వదిలాను. ఒకటికి నాలుగుసార్లు చదువు. నువ్వు చూడనిది ఒక్క ముక్క ఉన్నా కొట్టేయ్. ఎద్దు ఇంటికి వచ్చిన సంగతి నువ్వు విన్నదే కానీ చూడలేదు, అందుకే అది తీసేశాను.

నాకు నిద్ర పట్టడం లేదు.

అత్త

* * *

భద్రాచలం,
మే.

ఉపేంద్రా,

వెంకమ్మ రెండు సంతలుగా కనపడలేదు. నీ ఫోన్ మోగుతోంది కానీ ఎత్తడం లేదు. ఒకసారి ఎవరో ఎత్తి ఏమీ మాట్లాడకుండా పెట్టేశారు. అది నువ్వేనా?

బస్టాండుకు వెళ్ళి సుక్మా బస్సు కండక్టర్ని అడిగాను. ఎర్రబోరులో జిరాక్స్ దుకాణం తెరిచి ఉందా బాబూ అని. "చూడలేదమ్మా, బండి ఆపేది ఒక్క నిమిషం" అన్నాడు. ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. ఎవరు విప్పి చదివినా సరే. చదివినవాళ్ళు మనుషులైతే, నా మేనల్లుడు ఎలా ఉన్నాడో ఒక్క ముక్క రాసి పంపండి.

కృష్ణకుమారి

* * *

ఎర్రబోరు,
జూన్ మొదట్లో.

అత్తమ్మా,

నేను బాగున్నాను. ముందు ఆ మాట చదివి కూర్చో, తర్వాత మిగతాది చదువు. ఫోన్ ఎత్తి పెట్టేసింది మాసా. మోగుతుంటే భయపడి ఏదో నొక్కాడట. నేను అప్పుడు సుక్మాలో ఉన్నాను. మిగతాసార్లు ఫోన్లో చెప్పే సంగతి కాదని నేనే ఎత్తలేదు. వెంకమ్మకు కాలు బెణికింది, అంతే.

నీ కాగితం నాలుగుసార్లు చదివాను. ఒక్క చోట మార్చాను. మాసా నవ్వాడని రాశావు కదా, ఆయన శాలువా కప్పగానే నవ్వాడు, నా ఉత్తరంలో వరస చూసి నువ్వు దండ వేశాక అని రాశావు. దిద్ది, నా చేత్తో మొత్తం మళ్ళీ రాశాను. విట్నెస్డ్ దగ్గర నా చేయి కూడా ఆగింది. నీది ఎందుకు ఆగిందో నాకు తెలుసు. నాది వేరే. నేను చూశాను కాబట్టే ఆగింది. తర్వాత సంతకం పెట్టాను.

సుక్మాలో ఇచ్చిన తర్వాత క్యాంపుకు పిలిచారు. బాద్ మే అన్న సాబే. కాగితం ముందు పెట్టుకుని, "ఇది నువ్వే చూసినవా?" అని అడిగాడు. చూశాను సార్ అన్నాను. గేటు దగ్గర ఎవరెవరు ఉన్నారు, గొడ్డలి ఎటు పక్క పెట్టాడు, నేను ఎక్కడ నిలబడ్డాను, అన్నీ అడిగాడు. తిప్పి తిప్పి అడిగాడు. చూసినదే కాబట్టి చెప్పగలిగాను. నా బదులు నువ్వు వచ్చి ఉంటే ఆ గదిలో ఏమయ్యేదోనని ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తోంది. చివరికి ఆయన "మా హడావిడిల జరిగింది" అన్నాడు. పేరు తీసేయమని పైకి రాశాడు. నేను లేస్తుంటే, "ఇది ఝూట్ అని తేలితే మాత్రం నిన్నే అడుగుత" అన్నాడు.

అక్కడితో అయిపోలేదు. తాడిగుంపు నుంచి కబురు వచ్చింది. మాసా రావాలి, రాసినవాడు కూడా రావాలి అని. ఆ రోజు పొద్దున నీకు ఉత్తరం రాయబోయి మానేశాను. అదే చివరి ఉత్తరమైతే ఏం రాయాలో తోచలేదు.

చింతచెట్ల కింద ఊరంతా కూర్చుని ఉంది. అడవి నుంచి వచ్చినవాళ్ళు నలుగురు. పెన్ను కొనకుండా వెళ్ళినవాడు అందులో ఉన్నాడు. మాసాని ఏమీ అడగలేదు, నన్నే అడిగారు. వాళ్ళల్లో ఒకామె కాగితం తీసుకుని ఇంగ్లీషు కూడబలుక్కుంటూ చదివింది. ఆ మాట దగ్గర ఆగి, "ఇదేంది?" అంది. "నా కండ్ల ముందట జరిగింది, దీనికి నేనే జవాబుదారి అని" అన్నాను. "ఎద్దు కోసం పోయిండని నువ్వు చూసినవా?" "ఎద్దు కోసం రమ్మని నన్ను అడిగిండు. అది విన్న. గొడ్డలి కింద పెట్టింది చూసిన. పేర్లు ఏమీ చెప్పలేదు, నేను పక్కనే ఉన్న." సాబ్‌కి ఏ వరసలో చెప్పానో అదే వరసలో చెప్పాను. వేరేలా చెప్పడానికి నాకు ఇంకేమీ తెలియదు కదా. భీమే నన్నే చూస్తోంది. వాళ్ళు పక్కకు వెళ్ళి మాట్లాడుకుని వచ్చారు. "ఇంటికి పోనీ. అబద్ధమని తేలితే నిన్నే అడుగుతం" అన్నారు.

ఇరుపక్కలవాళ్ళూ ఈ ఒక్క విషయంలో మాత్రం కలిశారు.

మాసా తన ఇంట్లో ఉన్నాడు. తునికాకు కోతకు వెళ్తున్నాడు. నేను ఇంకా షట్టరు సగమే ఎత్తుతున్నాను. బండి ఆగితే అదీ దించేస్తున్నాను. ఈ భయం తగ్గుతుందని నాకు అనిపించడం లేదు.

నిన్న నందే అని ఒకామె వచ్చింది. ఎర్రబోరుకు అవతలి వైపు ఊరు. పేపరు ముక్క నా ముందు పెట్టింది. అందులో శాలువాలతో ఐదుగురు వరసగా నిలబడి ఉన్నారు, చివరివాడు ఆమె భర్త. చేపలకు వలవేయడానికి వాగుకు వెళ్ళిన మనిషి అంది. "మాసాకు రాసినట్టు నాకు గూడ ఆ కాయితం రాయన్నా" అంది. నేను చూడలేదమ్మా అన్నాను. "నేను చెప్తున్న గద" అంది. ఆమె చెప్పేది నిజమేనని నాకు తెలుసు అత్తమ్మా. నా పేరు పెట్టి రాసేద్దామా అనిపించింది. రాయలేదు. రాస్తే మాసా కాగితం కూడా పోతుంది. చూడలేదు, నేను రాయకూడదు అన్నాను. ఇంత భయపడి ఆ మాట నేర్చుకున్నది ఒక మనిషికి కాదని చెప్పడానికా అని నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆమె వెళ్ళలేదు. బల్ల మీద కూర్చుని, "వాగు కాడ నుంచి తీస్కపోతుంటే చూసినోడు ఒకడున్నడు. వాన్ని అడిగిన. భయపడుతుండు, రానంటుండు" అంది.

"నేను గూడ భయపడ్డనని చెప్పు," అన్నాను. "ఇప్పటికీ భయపడుతున్ననని చెప్పు. తీస్కరా, నేను పక్కన కూసుంటా."

వెళ్ళింది. ఈ రోజు షట్టరు మొత్తం ఎత్తి కూర్చున్నాను.

ఉపేంద్ర